ఎత్తు పెంచిన పాత కారు, పొందిక తప్పిన ముందు చక్రాలు



పాడీ పంటా చెప్పవలసిన చోట మోటారుకారు సంగతి ఎత్తుకొన్నాడేమిటని మీరు అనుకోవచ్చును. కాని తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపట్ల ఊళ్ళలో పాత అంబాసిడరు ఇప్పటికీ అక్కడక్కడ కొట్టాల్లో వున్నది. కొందరు ముచ్చటకొద్దీ వుంచుకొన్నారు. కొందరు తండ్రి కొన్న బండి అమ్మబుద్ధి కాక వుంచుకొన్నారు. ఇంగ్లీషువారి మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనా మీద హిందుస్థాన్ మోటార్సు వారు కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 1950ల చివర మొదలుపెట్టి, 2014 దాకా చేసిన బండి ఇది. మూలపడిన వాటిని బాగుచేయించి మళ్ళీ రోడ్డెక్కించే వాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అంచేత నేను పడిన పాట్లు మీకు పనికివస్తవని చెబుతున్నాను.

మనవాళ్ళు ఈ బండికి చేయించే మొట్టమొదటి మార్పు ఎత్తు పెంచటం. అందుకు కారణం లేకపోలేదు. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తి అయిన తరువాత కాలవలు వచ్చినవి, కాలవలతో గట్లు వచ్చినవి, ఆ గట్లే మనకు దారులైనవి. కోతల రోజుల్లో ట్రాక్టర్లు, ధాన్యపు లారీలు తిరిగి గట్టు మీద రెండు గాళ్ళు పడతవి. నడుమ మిగిలిన మట్టి దిమ్మ కారు కడుపుకు తగులుతుంది. నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల గట్లయితే చెప్పనే అక్కరలేదు. ఇదిగాక వెనుక సీటు తీసి నాలుగు సంచులు వేశామంటే వెనుక భాగం నేలకు కూర్చుంటుంది. అప్పుడు బండిని షెడ్డుకు తోలుకుపోయి, వెనుక కమాను కట్టలో రెండు పట్టీలు ఎక్కించమంటాము. పనిలో పనిగా ముందు కూడా కాస్త లేపమంటాము.

ముందు లేపటానికి పట్టీలు అక్కరలేదు. అంబాసిడరు ముందు చక్రాలకు కమాను కట్ట లేదు. కారు అడుగున, ఒక్కో పక్క ఒక్కో పొడుగాటి ఉక్కుకడ్డీ నిలువునా పడుకొని వుంటుంది. దాని ముందుకొస చక్రాన్ని మోసే కింది చేతికీ, వెనుకకొస బండి అడుగుకూ బిగించి వుంటవి. చక్రం ఎగిరినప్పుడల్లా ఆ కడ్డీ తడిగుడ్డ పిండినట్టు మెలిపడి మళ్ళీ విప్పుకొంటుంది. దీన్నే టార్షన్ బారు అంటారు. బిగింపు దగ్గర దాని మెలి కొంచెం మార్చితే చాలు, కారు ముందుభాగం లేస్తుంది. పూటలో అయిపోయే పని. ఆ పూట పని తెచ్చిపెట్టే చిక్కు మాత్రం పూటలో తేలదు.

చక్రాల పొందిక అంటే ఏమిటో ఎడ్లబండి చేసిన వడ్రంగికి తెలుసు. ఇరుసు రవంత వంకరైతే చక్రం బండి వైపుకో కడసీల వైపుకో ఒరుసుకుంటూ పోతుంది. ఎంత కందెన పూసినా కీచుమంటుంది, ఎడ్లు ఊరికే అలిసిపోతవి. కారుకు ఎడ్లు లేవు గనుక ఆ బాధ టైరు పడుతుంది. కొంత మీ చేతులు కూడా పడతవి.

ముందు చక్రాలకు చూసుకోవలసిన వంపులు ముఖ్యంగా మూడు. మీరు నిలబడి పాదాల వేళ్ళు రెండూ ఒకదానివైపు ఒకటి తిప్పారనుకోండి, చక్రాలు అట్లా వుంటే టో-ఇన్. వేళ్ళు ఎడంగా తిప్పితే టో-అవుట్. కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం బయటికి గాని లోపలికి గాని ఒరిగి వుండటాన్ని కేంబరు అంటారు. మూడవది కాస్టరు. ఇది కంటికి ఆనదు. సైకిలును సీటు పట్టుకొని ముందుకు నడిపించుకుపోతే హేండిలు దానంతట అదే తిన్నగా నిలబడుతుంది గదా? ముందు ఫోర్కు పైకొస వెనక్కు వాలి వుండటం ఇందుకు ఒక ముఖ్యకారణం. అదే సైకిలును వెనక్కు నెట్టి చూడండి, హేండిలు ఎటుబడితే అటు తిరిగిపోతుంది. కారులో కూడా చక్రం తిరిగే కీలు పైకొస కొంచెం వెనక్కు వాలి వుంటుంది. మలుపు తిప్పి చేతులు సడలిస్తే స్టీరింగు తిరిగి నడిమికి రావటం చాలావరకు దీని చలవే.

కారు ఎత్తు మార్చితే ఈ మూడూ మారతవి. ముందుభాగం లేచినప్పుడు చక్రాన్ని మోసే చేతులు కిందికి వేలాడతవి. సాధారణంగా చక్రం పైభాగం అప్పుడు బయటికి ఒరుగుతుంది. స్టీరింగు నుంచి చక్రానికి వచ్చే రాడ్డు ఒక వృత్తంలో ఊగుతుంది, చక్రాన్ని మోసే చేయి ఇంకొక వృత్తంలో ఊగుతుంది. తయారుచేసినవారు పెట్టిన ఎత్తులో ఈ రెండూ దాదాపు కలిసి నడుస్తవి. ఆ ఎత్తు తప్పిస్తే ఒకటి ఒక దారి, ఒకటి ఇంకొక దారి. గతుకు తగిలినప్పుడల్లా మీరు స్టీరింగు తిప్పకుండానే చక్రం కాస్త తిరుగుతుంది. దారి చెడ్డదని మీరు అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకొన్నాను.

ఇక వెనుక మాత్రమే లేపారనుకోండి. ముందు చక్రాలను ఎవరూ ముట్టుకోలేదు గదా అనిపిస్తుంది. కాని ఈ కారు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 97 అంగుళాలు. వెనుకభాగం ముందుకన్నా అంగుళమున్నర పైచిలుకు, సుమారు 1¾ అంగుళాలు అదనంగా లేస్తే కారు మొత్తం ఒక డిగ్రీ ముందుకు వంగినట్టు లెక్క. వెనక్కు వాలి వుండవలసిన కీలు కూడా దానితోపాటే ఒక డిగ్రీ ముందుకు వంగుతుంది. అసలు వుండేదే కొద్ది డిగ్రీలు. అందులో ఒకటి పోయిందన్నమాట.

నా బండికి సరిగ్గా ఇదే జరిగింది. వెనుక రెండు పట్టీలు వేయించాను, 2¾ అంగుళాలు లేచింది. ముందు ఒక అంగుళం లేపించాను. తరువాత పెద్ద షాపులో వీల్ ఎలైన్‌మెంటు కూడా చేయించాను. మిషను తెర మీద గీతలన్నీ పచ్చగా వచ్చినవి, కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం మీద ఏ కారు కొలతలు పెట్టి చూశారో అడగాలని నాకు తోచలేదు. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. తప్పు వారిదొక్కరిదే కాదు కూడాను.

2021 మార్గశిరంలో మినుము విత్తనాల సంచులు వేసుకొని రేపల్లె వైపు పోయాను. పోయేటప్పుడు బండి బుద్ధిగానే వుంది. సంచులు దింపేసి, ముందు సీట్లో మేనల్లుణ్ణి ఎక్కించుకొని తిరిగి వస్తుంటే చీకటి పడింది. మంచు కురుస్తోంది. బండి ఒక చోట కుదురుగా వుండటం లేదు. కాసేపు కుడికి, కాసేపు ఎడమకు. నేను సరిదిద్దిన కొద్దీ ఇంకోవైపుకు పోతున్నది. కాలవగట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. ఎడమకు తీశాను. తీసిన తరువాత స్టీరింగు తిరిగి రావాలి గదా, రాలేదు. తిప్పిన చోటనే వుండిపోయింది. నేను లాగేసరికి ఎడమ చక్రం తారు అంచు దిగి నల్లమట్టిలో పడింది. మంచుకు తడిసిన మన రేగడి సంగతి మీకు తెలియనిది కాదు. బండి జారి, కాలవ వైపు తలపెట్టి ఆగింది. దిగి చూస్తే చక్రానికీ గట్టు అంచుకూ మధ్య నా మూర రెండు మూరలు లేదు. కుర్రవాడు కాసేపటిదాకా మాట్లాడలేదు.

ఆ తరువాత కూడా నేను చేసిన పని మళ్ళీ ఎలైన్‌మెంటు చేయించటమే. ఒకసారి కాదు, రెండుసార్లు. చివరకు బాపట్లలో ఒక ముసలి మేస్త్రి దగ్గరకు తీసుకుపోతే ఆయన కారు కిందికి వంగనైనా లేదు, ముందుగా ఒక ప్రశ్న వేశాడు.

“బరువేసుకొని పోయేటప్పుడు బాగానే వుంటుందా, బాబుగారూ?”

“వుంటుంది” అన్నాను.

“ఖాళీగా వచ్చేటప్పుడే గదండీ పేచీ? అయితే ముందు చక్రాల జోలికి ఇప్పుడే పోవద్దు. వెనుక కట్ట విప్పుదాం.”

అప్పటికి గాని నాకు లెక్క అందలేదు. సంచులు వేస్తే వెనుకభాగం కిందికి దిగి, కాస్టరు దాని చోటికి అది వస్తున్నది. సంచులు దింపి, ముందు సీట్లో మనుషులు కూర్చుంటే కారు ఇంకా ముందుకు వంగుతున్నది. కాస్టరు చాలకపోతే టైరు ప్రత్యేకంగా అరగదు. టైరు చూసి కనిపెట్టే రోగం కాదిది. చేతికి తెలియాలి. అందుకే ఇది మిగతా రెండిటికన్నా చెడ్డది.

టో తప్పితే మాత్రం టైరు దాచుకోదు. దీనికీ ఒక చిన్న లెక్క చూడండి. రెండు టైర్ల మధ్య దూరం వెనుకవైపు కన్నా ముందువైపు 6 మిల్లీమీటర్లు తక్కువగా వున్నదనుకొందాం. ఒక్కో చక్రానికి 3 మిల్లీమీటర్లు. టైరు ఆ అంచు నుంచి ఈ అంచుకు సుమారు 660 మిల్లీమీటర్లు వుంటుంది. ఈ లెక్కన ఒక్కో టైరు కిలోమీటరుకు నాలుగున్నర మీటర్లు పక్కకు ఈడ్చబడుతుంది. తెనాలి నుంచి రేపల్లె సుమారు 35 కిలోమీటర్లు. అంత దూరం పోయేసరికి టైరును నూటయాభై మీటర్లకు పైగా తారు మీద అడ్డంగా గీకినట్టే. రోజూ తిరిగేవారి టైరు ఒక పంటకాలం కూడా ఆగకపోతే ఆశ్చర్యమేమున్నది?

అరిగిన తీరు చేత్తో తడిమి తెలుసుకోవచ్చును. బండి ఆపి, హేండ్‌బ్రేకు వేసి, అరచేయి టైరు మీద అడ్డంగా నిమరండి. బయటినుంచి లోపలికి నిమిరితే నున్నగా వుండి, లోపలినుంచి బయటికి నిమిరితే రంపపు పళ్ళలాగ గుచ్చుకుంటే టో-ఇన్ ఎక్కువైనదన్నమాట. దీనికి తారుమారుగా వుంటే టో-అవుట్. పళ్ళు లేకుండా ఒక అంచు మాత్రమే నున్నగా అరిగిపోతే కేంబరును అనుమానించాలి. తీగ బయటపడిన టైరును నిమరబోకండి, చేయి కోసుకుపోతుంది.

మా మేస్త్రి చేసిన వరస ఇది. ముందు వెనుక కట్టలో వేసిన రెండు పట్టీలలో ఒకటి తీసివేశాడు. ఒకటి వుంచమని నేనే బతిమాలాను. తరువాత టార్షన్ బార్లు సడలించి ముందుభాగాన్ని మారుతీ పుస్తకంలోనో మరొక కారు పుస్తకంలోనో చూడకుండా, ఈ కారు పుస్తకంలో చెప్పిన ఎత్తుకే తెచ్చాడు. రెండు పక్కలా ఒకటే ఎత్తు వున్నదో లేదో చూడటానికి నేల చదునుగా వుండాలి. అందుకు పసుపు ఆరబోసే మా సిమెంటు కళ్ళం వాడుకొన్నాము. అదీ చూపుకు చదునే గాని నిజంగా కాదు. తాపీ పనివారి నీటిగొట్టం పట్టి చూస్తే ఒక మూల అర అంగుళం పల్లం తేలింది. ఆ చక్రం కింద రేకుముక్కలు పేర్చి సమం చేశాము.

ఎత్తు కుదిరిన తరువాత కీళ్ళు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, జాకీని నమ్మకుండా కింద దిమ్మ పెట్టి, టైరు పైనా కిందా పట్టుకొని ఊపి చూశాడు. కటకటమన్నది. చక్రం తిరిగే పిన్నులు, రబ్బరు బుష్షులు అరిగినవి. ఇవి అరిగిన బండికి ఎలైన్‌మెంటు చేయటం అంటే కుంటి బల్లను కొలత పెట్టి సర్దటమే. ఈ పూటకు సరిగా వుంటుంది, మొదటి గతుకుతో పోతుంది. పిన్నులు, బుష్షులు కొత్తవి వేశాడు. ఇక్కడ ఇంకొక మాట. ఈ పాతకార్ల కీళ్ళకు గ్రీజు పెట్టే ముక్కులు వుంటవి. నేటి కార్లకు ఆ బాధ లేదు గనుక మనం మరిచిపోతున్నాము. ఎడ్లబండికి కందెన పూయకుండా ఊరు దాటని మనవాళ్ళే కారు కీలుకు ఏళ్ళ తరబడి గ్రీజు పెట్టరు.

టో కొలవటం ఆఖరు పని. దీనికి మిషను వుంటే మంచిదే, లేకపోయినా తప్పు రాకుండా కొలుచుకోవచ్చును. జాకీ దించిన వెంటనే కొలవకూడదు. నేలను పట్టుకొన్న టైరు చక్రాన్ని వంకరగా ఆపివుంచుతుంది. బండిని ముందుకు రెండు బార్లు నెట్టి, ముందుభాగాన్ని నాలుగుసార్లు కిందికి అదిమి వదలాలి. స్టీరింగు తిన్నగా పెట్టి, ముందు టైర్ల ముందువైపు, చక్రం నడిమి ఎత్తులో, రెండిటికీ సుద్దతో గుర్తు పెట్టి ఆ గుర్తుల మధ్య దూరం కొలవాలి. తరువాత ఆ గుర్తులే వెనుకవైపు అదే ఎత్తుకు వచ్చేదాకా బండిని ముందుకు నెట్టి మళ్ళీ కొలవాలి. ఒకే గుర్తును రెండు చోట్లా కొలిచాము గనుక రిమ్ము వంకర మన లెక్కలో దూరదు. ఈ రెండు కొలతల తేడాయే టో. బండిని వెనక్కు నెట్టితే లెక్క చెడుతుంది, మళ్ళీ ముందుకు నెట్టి మొదటినుంచీ కొలవాలి.

తేడా సవరించేటప్పుడు స్టీరింగు రాడ్లు రెండింటినీ సమంగా తిప్పాలి. ఒకవైపే తిప్పితే టో వస్తుంది గాని స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తుంది. కొందరు ఆ వంకర కనిపించకుండా స్టీరింగు చక్రాన్ని ఊడదీసి తిన్నగా బిగిస్తారు. అది మొగాన మచ్చ పోవటానికి అద్దం తుడిచినట్టు!

మేస్త్రి ఇంకొకటి చేశాడు. అది నేను వేరే ఎక్కడా చూడలేదు. ఖాళీ బండికి టో కొలిచిన తరువాత ముందు ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి, వెనుక రెండు ధాన్యం బస్తాలు వేయించి, బండిని ముందుకు నెట్టించి మళ్ళీ కొలిచాడు. రెండు కొలతలూ దగ్గరగా వున్నవి. “ఇందాక మీరు తెచ్చిన ఎత్తులోనయితే ఈ రెండూ కలవవండీ” అన్నాడు. బస్తా 75 కిలోలు. మన ఇళ్ళల్లో బస్తాలకూ మనుషులకూ కొదవలేదు గనుక ఈ పరీక్ష మీరూ చేయించుకోవచ్చును. కొలతలు బాగా తేడా వస్తే టో తిప్పి ప్రయోజనం లేదు, ఎత్తు దగ్గరకే మళ్ళీ పోవాలి.

కేంబరు చూడటానికి మిషను దగ్గరకు పోయేముందు గుండుదారం వేలాడదీసి రెండు చక్రాలూ ఒకే తీరున ఒరిగినవో లేదో పోల్చుకోవచ్చును. రెండు పక్కలా ఒకటే వుంటే సగం బెంగ తీరినట్టు. ఒక పక్క ఎక్కువ బయటికి ఒరిగితే కారు సాధారణంగా ఆ పక్కకే లాగుతుంది. కాస్టరు అయితే తక్కువ వున్న పక్కకు లాగుతుంది. మన గట్టు రోడ్లు కూడా అంచుకు వాలి వుంటవి గనుక, ఏ పక్కకు లాగుతున్నదో ఒకే రోడ్డు మీద పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసి గాని తేల్చకండి. ఈ బండిలో చేతికి తేలికగా అందే సవరణ టో ఒక్కటే. మిగతా రెండూ ఎత్తునూ, కీళ్ళనూ, వంగని చేతులనూ బట్టి వచ్చేవే. మిషను దగ్గర కుర్రవాడు “మిగతావి మన చేతిలో లేవండీ” అంటే అబద్ధమాడినట్టు కాదు. ఆ మాట అన్నప్పుడు మనం వెనక్కుపోయి ఎత్తు చూసుకోవాలి.

టైర్ల విషయం క్లుప్తంగా చెబుతాను. పాత పుస్తకంలోని టో అంకె ఆనాటి నైలాను క్రాస్‌ప్లై టైర్లకు వేసినది. రేడియల్ టైర్లు వేసినవారికి సాధారణంగా అంతకన్నా తక్కువ చాలు. ఒక ఇరుసుకు ఒక రకం, ఇంకొక రకం కలిపి వేయరాదు. అందానికి వెడల్పు రిమ్ములు వేయించి చక్రాలను బయటికి తెచ్చినవారికి స్టీరింగు బరువెక్కుతుంది, గతుకులో చేతికి కొట్టుతుంది. ఇది ఎలైన్‌మెంటుతో పోయేది కాదు, రిమ్ములు మార్చవలసిందే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్టరు పుస్తకంలోని వివరాలకు భిన్నమయ్యే మార్పులు చేయరాదన్నది కూడా గుర్తుంచుకోండి. ప్రమాదం జరిగిన తరువాత బీమావారు అడిగే ప్రశ్నల్లో అదొకటి.

ట్రాక్టరున్నవారికి ఒక్క మాట. వరుసలకు సరిపడేటట్టు ముందు చక్రాల ఎడం మార్చిన ప్రతిసారీ టో కొలుచుకోండి. సుద్దముక్క, టేపు చాలు. పద్ధతి పైన చెప్పినదే.

మరి గట్టు మధ్య దిమ్మ కడుపుకు తగిలే సంగతి ఏమిటి అంటారా? తగులుతూనే వున్నది. నేను సైలెన్సరు కింద ఒక రేకు కట్టించాను, చక్రాలు గాడిలో కాక ఒక చక్రం దిమ్మ మీద వేసి నెమ్మదిగా పోతున్నాను. నాలుగు సంచులకు మించి వుంటే ఆటో మాట్లాడుకొంటున్నాను. వెనుక వుంచిన ఆ ఒక్క పట్టీ కూడా తీయించమని మేస్త్రి కనబడినప్పుడల్లా అంటూనే వున్నాడు. ఈ మినుము కోత అయిన తరువాత తీయించాలి.

పని పూర్తయిన బండిని రోడ్డెక్కించే ముందు ఖాళీ కళ్ళంలో ఒకసారి నడకవేగంతో తిప్పి చూడండి. స్టీరింగు అర చుట్టు తిప్పి, చేతులు పూర్తిగా వదలకుండా సడలించండి. దానంతట అది నడిమికి రావాలి. కుడికీ ఎడమకూ ఒకేలాగ రావాలి. రాకపోతే ఆ రాత్రికి బండిని కొట్టంలోనే వుంచండి.